గ్లాసు కింద పాచిక

జనవరి 20

గ్లాసులు దొరికాయి!

క్యాంటీన్ జంగమ్మ మొదట ససేమిరా అంది. “అరవై గ్లాసులు మీకే ఇస్తే ఛాయ్ చేతుల్ల పోయాల్నా మేడమ్?” అని నిలదీసింది. గంటలో తిరిగిస్తానని, నేనే కడుగుతానని ఒట్టు పెట్టాక మెత్తబడింది. పాచికలు తాండూరు బస్టాండు పక్కన ఫ్యాన్సీ షాపులో తీసుకున్నాను. అరవై పాచికలు కావాలంటే షాపాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. మెడలో కాలేజీ కార్డు లేకపోతే పోలీసులకు ఫోన్ చేసేవాడేమో.

ఈ డైరీ ఎందుకో ముందే రాసిపెట్టుకుంటాను. మా ఆయన యాకోబుకు చెబితే నవ్వుతాడు. ఆయన బస్సు కండక్టరు, రోజంతా అబద్ధాలు విని విని ఇంటికొస్తాడు. అత్తమ్మకు చెబితే ప్రార్థన మొదలుపెడుతుంది. స్టాఫ్ రూములో చెబితే సాయంత్రానికల్లా కాలేజీ అంతా పాకుతుంది. చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బుతుంది.

సంగతేమిటంటే, మా ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం వాళ్లకు ‘పరిశోధనలో నీతి’ అని ఒక పేపరుంది. ఎవరికీ అక్కర్లేని పేపరు. కొత్తగా చేరినవాళ్ల మెడకు కడతారు, నా మెడకు కట్టారు. పోయినసారి పీడీఎఫ్ చదివి వినిపించాను. పిల్లలు కళ్లు తెరిచే నిద్రపోయారు. ‘ఫలితాలు కల్పించరాదు, ఇతరుల రాతను దొంగిలించరాదు’ అని పరీక్షలో అందరూ చక్కగా రాశారు, అదీ ఒకరి పేపరు ఒకరు చూసి.

అందుకే ఈసారి ఆట. రేపే!

జనవరి 21

ఎంత బాగా జరిగిందో! రైల్లో తాండూరు నుంచి వికారాబాద్ వచ్చేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఎదుటి సీట్లో కందుల బస్తా పెట్టుకున్న పెద్దాయన రెండుసార్లు అనుమానంగా చూశాడు.

ఆట చాలా సులువు. ప్రతి ఒక్కరి ముందూ బోర్లించిన గ్లాసు, దాని కింద పాచిక. గ్లాసును బెంచీ మీద గలగల ఆడించాలి. కొంచెం ఎత్తి తాను మాత్రమే చూసుకోవాలి. పడిన అంకె చీటీ మీద రాసి, పేరు రాయకుండా జట్టు డబ్బాలో వేయాలి. జట్టుకు పదిమంది. డబ్బాలో మొత్తం ఎంతైతే ఆ జట్టు ఆట బోర్డు మీద అన్ని గళ్లు ముందుకు పోతుంది. పాచిక మీద పడేది వాళ్ల ‘ప్రయోగ ఫలితం’ అనుకోవాలి. గ్లాసు కింద నిజంగా ఏముందో ఎవరూ అడగరు. నేను కూడా చూడను.

అరవై చీటీలు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు ఆర్లు! ఒకటి వేసినవాడు ఒక్కడే, ఆ మహానుభావుడెవరో తెలియదు.

నిజం రాస్తే ఒక్కో అంకె సుమారు పదిసార్లు రావాలని బోర్డు మీద వివరంగా రాశాను. తరగతి పడీ పడీ నవ్వింది. “మా పాచికలు మంచియి మేడమ్, అడిగినయి ఇస్తయి,” అన్నాడు సందీప్. వాడికి ప్రతిదానికీ ఒక జవాబు ఉంటుంది.

తర్వాత వాడి జట్టే ఎర్ర గడి మీద పడింది. ఎర్ర గడి అంటే కార్డు తీయాలి. ఆ కార్డు నేను ఆదివారం కూర్చుని రాసింది: ‘బండల పాలిష్ బురదతో నువ్వు చేసిన ఇటుకకు బలం లేదు. ఉందని ఆరు రాశావు. ఆ ఇటుకలతో కొడంగల్ దగ్గర ఒక బడి గోడ కట్టారు. గోడ బీటలిచ్చింది. నిన్నెవరూ అనుమానించలేదు. ఇప్పుడేం చేస్తావు?’

సందీప్ కార్డును రెండుసార్లు చదివాడు! తరగతంతా అరవడం మొదలైంది. నిజం చెప్పాలని కొందరు, తప్పు సిమెంటు మీద తోసేయాలని కొందరు. తాండూరు పిల్లలకు బండల బురద అంటే పుస్తకంలో మాట కాదు. సగం మంది ఇళ్లలో ఎవరో ఒకరు పాలిష్ మిషన్ల మీద పనిచేస్తారు. క్లాస్ లీడర్ దిల్షాద్ వాళ్ల నాన్న కూడా అంతే. ఆమె లేచి, “ముందుగాల ఆ గోడ పక్కన ఎవలు కూసుంటున్నరో చూడాలె. తప్పెవరిదో మల్ల మాట్లాడుకుందం,” అంది. చేతులు ఊపుతూ, అందరినీ కూర్చోబెడుతూ. ఆ పిల్ల నోరు తెరిస్తే అరవై మంది వింటారు. నాకంత వరం ఎప్పుడొస్తుందో.

గ్లాసులు కడిగాను. రెండు సొట్టలు పడ్డాయి. జంగమ్మ ఇంకా చూడలేదు.

జనవరి 22

ప్రిన్సిపాల్ శంకరప్ప సారు పిలిచారు. మా గోల ఆయన గది దాకా వినిపించిందట. ఆయనది సరిహద్దు అవతలి ఊరు, కోపమొస్తే కన్నడలోకి దిగుతారు. ఇవాళ దిగలేదు.

“ఏమ్మా రెబెక్కా, క్లాసుల ఆటలాడిపిస్తున్నవంట?”

ఆయన టేబుల్ మీదే గ్లాసు బోర్లించి ఆడించాను. చూసుకుని, “ఆరు,” అన్నారు. నేను గ్లాసు ఎత్తలేదు.

ఫిబ్రవరి 28న సైన్స్ డేకి జిల్లా కాలేజీలన్నీ వికారాబాద్‌లో కలుస్తున్నాయట. హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చి ఒక కొత్త బోధనా పద్ధతిని ఎంచుతుందట. అది అన్ని కాలేజీల్లో పెడతారట.

“నీ ఆట ఎంపికైతే నీ కొలువు గట్టిపడ్డట్టే. లేకుంటె ఆ పేపరు లెక్కల సారుకు ఇచ్చి పీడీఎఫ్ చదివిపిస్తమంటున్నది మేనేజ్‌మెంట్. నీ కాంట్రాక్టు మార్చితోటి ఒడిసిపోతది. ఆట పనిచేస్తున్నదని లెక్కలతోటి చూపియ్యి. గంతే.”

లేచి వస్తుంటే ఇంకో సలహా ఇచ్చారు. మార్కులు లేకపోతే పిల్లలు కదలరట, ఐదు ఇంటర్నల్ మార్కులు పెట్టమన్నారు. బాగుంది. పెడతాను.

అన్ని కాలేజీల్లో నా ఆట! ప్రతి క్యాంటీన్‌లో ఒక జంగమ్మ గ్లాసుల కోసం వెతుక్కుంటూ!

జనవరి 28

ఇవాళ ఆర్లు ఇరవై ఒకటి. తగ్గుతున్నాయి!

పిల్లలకు అన్నీ చెప్పేశాను. కమిటీ సంగతి, నా కాంట్రాక్టు సంగతి. దాచడం ఎందుకు? నీతి చెప్పేవాళ్లం కదా. వచ్చే వారం నుంచి తరగతి మొత్తం నిజాయితీగా ఆడినట్టు లెక్క తేలితే అందరికీ ఐదు మార్కులని కూడా చెప్పాను. చీటీల మీద పేర్లుండవు కాబట్టి ఒక్కొక్కరికి విడిగా వేయలేను, అందరికీ కలిపే. దిల్షాద్ మాత్రం, “మీరు పోతరా మేడమ్?” అని ఒక్కటే అడిగింది. ఆట గెలిస్తే పోనన్నాను.

ఫిబ్రవరి 4

పది! పది! పది! పది! పది! పది!

ఒకట్లు పది, రెండ్లు పది, అట్లా ఆర్ల దాకా అన్నీ పదే! మూడుసార్లు లెక్కపెట్టాను. రెండు వారాల్లో ముప్పై నాలుగు ఆర్ల నుంచి పదికి! కళ్లలో నీళ్లు తిరిగాయి, పిల్లల ముందే. వాళ్లు చప్పట్లు కొట్టారు. నాలుగు కాలేజీలు మారాను, ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను, చెప్పింది ఎవరికైనా ఎక్కిందని నా కళ్లతో చూడడం ఇదే మొదటిసారి.

యాకోబు అన్నాడు, “మంచిదే గని, మా బస్సుల గిట్ల ఆడిపిస్తే టికెట్లు కొంటరా?” కొంటారు. రాసిస్తాను.

ఫిబ్రవరి 11

మళ్లీ పదులే! అన్నీ!

కార్డుల మీద వాదన కొంచెం తగ్గింది. ఎర్ర గడి మీద పడ్డవాళ్లు, “నిజం చెప్తం మేడమ్,” అని వెంటనే కూర్చుంటున్నారు. అంటే పాఠం ఒంటబట్టినట్టే కదా. ముందులాగా గోల లేదు. గోల లేకపోవడమూ మంచిదే.

ఫిబ్రవరి 15

చర్చిలో పాస్టరు గారు సత్యం గురించి చెబుతుంటే నాకు కమిటీ కోసం గీస్తున్న ఆర్ల పటం కళ్ల ముందు మెదిలింది. మొదటి వారం గీత కొండలా లేచి ఉంటుంది, తర్వాత బల్లపరుపు. అత్తమ్మ మోచేత్తో పొడిచింది, కీర్తనకు లేవలేదని.

ఫిబ్రవరి 18

మూడోసారి కూడా పదులే. శంకరప్ప సారుకు చూపించాను. “సైన్సంటే గిట్ల ఉండాలె!” అని స్వయంగా పోస్టరు రంగు ఎంచారు. నీలం.

ఫిబ్రవరి 22

ఆదివారం. కమిటీకి చూపించడానికి చిన్న వీడియో తీద్దామనుకున్నాను. నిజంగా పాచిక వేస్తే అంకెలు ఎట్లా పడతాయో చూపించి, పక్కనే మా తరగతి లెక్క పెడితే ఎంత బాగుంటుంది! మంచం మీద దుప్పటి పరిచి అందరం కూర్చున్నాం. అత్తమ్మ, యాకోబు, మా పాప జాయిస్, నేను. తలా పదిహేను సార్లు.

ఆర్లు పదమూడు పడ్డాయి. నాలుగ్లు ఆరే.

మళ్లీ వేశాం. ఆర్లు ఏడు. మళ్లీ. మళ్లీ. జాయిస్‌కు పండగే, పాచిక మంచం కిందికి పోయినప్పుడల్లా దూరి తెస్తోంది. అత్తమ్మ నడుం పట్టుకుంది. “ఇంక ఎంతసేపు ఏపిస్తవే బిడ్డా? చిన్నప్పుడు పచ్చీసు గూడ గింతసేపు ఆడలే.”

“పది పది పడాలి అత్తమ్మా. ఒక్కసారి పడితే చాలు, వీడియో తీస్తాను.”

పడలేదు. కూర దించడం మరిచిపోయాను, మాడింది. “మీ కాలేజీల పాచికలు మస్తు చదువుకున్నయి లెక్క ఉన్నది. మన ఇంట్లవి చదువు రాని పాచికలు,” అన్నాడు యాకోబు. మామూలుగా అయితే నవ్వేదాన్ని. విసుక్కున్నాను.

ఇంట్లో వాడినవి చవక పాచికలు. జాయిస్ లూడో పెట్టెలోవి. అంచులు అరిగిపోయాయి.

ఫిబ్రవరి 23

అరిగిన పాచికలు. అంతే.

ఫిబ్రవరి 24

అంతే కాదు. కాలేజీ పాచికలు కూడా ఫ్యాన్సీ షాపువే కదా. ఒక్కసారి పది పది పడితే అదృష్టం అనుకోవచ్చు. వరసగా మూడుసార్లు పడితే ఏమనుకోవాలి? ఇది నేనే బోర్డు మీద చెప్పిన పాఠం. ‘సుమారు’ అన్న మాట కింద గీత కూడా గీశాను.

సాయంత్రం రైల్లో ఒక పని చేశాను. అరవై పాచికలూ ఒళ్లో పోసుకుని, తెల్ల నెయిల్ పాలిష్‌తో ఆరు ఉన్న వైపు మధ్య చుక్కలు రెండూ మూసేశాను. అన్నిటికీ. ఇప్పుడవి నాలుగ్లు. ఒక్క పాచికలో కూడా ఆరు లేదు. ధారూర్ వచ్చేసరికి వేళ్లన్నీ అంటుకుపోయాయి. పక్కనున్న ఆమె, “బొట్టుబిళ్లల పనా అక్కా? ఎంతిస్తరు?” అని అడిగింది.

పిల్లలకు చెప్పకుండా వాళ్ల మీద పరీక్ష పెట్టడం నీతేనా అన్నది పీడీఎఫ్‌లో ఒక పేజీ నిండా ఉంది. ఇవాళ ఆ పేజీ తెరవను.

ఎవరైనా గ్లాసు ఎత్తగానే, “మేడమ్, దీంట్ల ఆరు లేదు!” అని అరుస్తారు. అరవాలి. నేను ఎదురుచూస్తున్నాను.

ఫిబ్రవరి 25

ఎవరూ అరవలేదు.

గలగలమని అరవై గ్లాసులు ఆడాయి. అందరూ తలలు వంచారు. అందరూ రాశారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇన్ని వారాలుగా గ్లాసుల వంక చూశానే తప్ప చేతుల వంక చూడలేదు. గ్లాసు అంచు బెంచీ నుంచి లేవనే లేదు. ఒక్కరు, పర్వేజ్ అనుకుంటాను, ఎత్తి చూశాడు. కనుబొమలు ముడుచుకున్నాడు. దిల్షాద్ వైపు చూశాడు. తర్వాత వాడూ రాశాడు.

ఆర్లు పది. ఆరు లేని పాచికల నుంచి పది ఆర్లు.

బాగా ఆడారని చెప్పి పంపేశాను. దిల్షాద్‌ను ఆగమన్నాను. రంజాన్ రోజాలు మొదలై వారమైంది, పెదవులు ఎండి ఉన్నాయి. ఆమె గ్లాసు ఎత్తి పాచిక చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసింది. ఆరు కోసం వెతికింది. నెయిల్ పాలిష్‌ను గోటితో గీకింది.

“రోల్ నంబర్ల లెక్కన పంచినం మేడమ్,” అంది చివరికి. “ఒకటి నుంచి పది దాక ఒకట్లు రాయాలె, పదకొండు నుంచి ఇరవై దాక రెండ్లు. వారం వారం మారుస్తం. ఎవ్వలకు అన్యాలం కావద్దని అందరికీ వంతు పెట్టిన. వాట్సాప్ గ్రూపుల పెడ్త.”

“ఎందుకు?”

“ఎందుకంటె ఏం చెప్పాలె మేడమ్? ల్యాబుల జవాబు ముందే తెలుస్తది. రీడింగులు ఎనక నుంచి రాసుకుంటం. సీనియర్లు గట్లనే రాసిండ్రు, సార్లు సంతకం పెడ్తరు. మీరు పదులు రావాలె అని బోర్డు మీద రాసిండ్రు. తెచ్చినం. మార్కులొచ్చినయి, మీ కొలువు ఉంటది. ఎవలకు నష్టమైంది?”

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల మొహంలో దొరికిపోయానన్న బాధ కంటే నన్ను కాపాడలేకపోయానన్న బాధే ఎక్కువ కనిపించింది. “మీరు పోతే మల్ల ఆ పీడీఎఫే గద మేడమ్,” అంది. నాకు ఏడుపొచ్చింది. వాళ్లకు నా ఆట అంత ఇష్టం! అంత ఇష్టపడి ఆడటమే మానేశారు.

ఫిబ్రవరి 26

ఒక సంగతి ఆలోచించాను. మొదటి రెండు వారాల అంకెలు నిజమే. తర్వాతివి కూడా పిల్లలు తమ చేత్తో రాసినవే, నేను మార్చినవి కావు. పటంలో ఒక్క గీత కూడా నేను కల్పించలేదు. నాకు తెలిసిన ప్రతిదీ పోస్టరు మీద పెట్టాలని ఎక్కడుంది? పోస్టర్లో అంత చోటు కూడా లేదు.

పైగా ఆట మంచిదే. మొదటి రోజు చూశాను కదా. మంచి ఆటను ఒక లెక్క కోసం చంపుకోవాలా? ముందు ఎంపిక కానీ. వచ్చే ఏడాది మార్కులు తీసేసి సరిగ్గా ఆడిస్తాను.

యాకోబు ఏమైందన్నాడు. తలనొప్పి అన్నాను.

ఫిబ్రవరి 27

పోస్టరు చుట్టి పెట్టాను. నీలం రంగు బాగా కుదిరింది.

ఫిబ్రవరి 28

అక్షరాలు వంకరపోతున్నాయి. పోనీ.

హాలు కిక్కిరిసింది. ఆట ఆడి చూపించడానికి దిల్షాద్‌నూ సందీప్‌నూ తీసుకెళ్లాను. శంకరప్ప సారు కొత్త కోటుతో ముందు వరసలో. మా వంతు వచ్చింది. పోస్టరు విప్పాను. మొదటి వారం కొండ, తర్వాత బల్లపరుపు. చప్పట్లు మొదలయ్యాయి, నేనింకా నోరు విప్పకముందే! కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుని, “ఎంత మార్పు!” అంది.

సిద్ధం చేసుకున్న మాటలు కంఠతా వచ్చు. మొదటి వాక్యం చెప్పాను. రెండోది కూడా చెప్పాను. మూడో వాక్యం ‘ఈ ఫలితం చూపేదేమిటంటే’ అని మొదలవుతుంది. అక్కడ ఆగిపోయాను. ఎదురుగా అంతమంది పిల్లలు, రకరకాల కాలేజీల వాళ్లు, నోట్సు రాసుకుంటున్నారు. నేను చెప్పబోయేది రాసుకోవడానికి పెన్నులు పట్టుకుని ఉన్నారు. ఆ పెన్నులు చూసి పోస్టరు మీద వేలు పెట్టాను.

“ఈ బల్లపరుపు గీత అబద్ధం,” అన్నాను. “ఆఖరి వారం నేనిచ్చిన పాచికల్లో ఆరు లేదు. అయినా పది ఆర్లు వచ్చాయి.”

తర్వాత అంతా చెప్పేశాను, గుక్క తిప్పుకోకుండా. రావలసిన జవాబు నేనే ముందు రాసిపెట్టాను, దానికి మార్కులు నేనే కట్టాను, నా కొలువు సంగతి చెప్పి జాలి కూడా నేనే పుట్టించాను, ఇక పాచిక వేయడం ఎవరికి అవసరం? మన ల్యాబుల్లో రోజూ జరిగేది ఇదే కదా అని అడిగాను. వెనక వరసల్లో పిల్లలు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. సార్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఒళ్లంతా తేలికైపోయింది, చిన్నపిల్లలా గంతేయాలనిపించింది!

ఎంపిక కాలేదు. సౌరవిద్యుత్తు బొమ్మల కాలేజీకి ఇచ్చారు. బొమ్మలు బాగున్నాయి. పెద్దావిడ మాత్రం దిగేటప్పుడు నా చెయ్యి నొక్కి, “మళ్లీ సరిగ్గా ఆడించి నాకు రాయండి,” అంది. శంకరప్ప సారు తిట్టలేదు. కన్నడలోకి కూడా దిగలేదు. “చూద్దం తీయమ్మా,” అన్నారు. అంటే చూడరు.

ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది స్టేషన్‌లో జరిగింది. పిల్లల్ని తాండూరు రైలు ఎక్కించడానికి వెళ్లాను. సందీప్ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. దిల్షాద్ నా మొహం చూడలేదు. రైలు కనిపించాక అంది:

“మమ్ముల అడగాలె గద మేడమ్.”

“ఏం అడగాలి?”

“మేం చేసింది అందరి ముందల చెప్పిండ్రు. స్టేజీ మీద మీ పక్కన్నే నిలవడ్డ. అందరు నా దిక్కే చూసిండ్రు. మీరు నిజం చెప్పిండ్రు, మంచిదే. మాది గూడ ఉన్నది గద దాంట్ల. ఒక్క మాట అడిగితే ఏం పోతుండె?”

పేరు చెప్పలేదు కదా అనబోయాను. పక్కనే నిలబెట్టుకుని పేరు చెప్పలేదనడం ఏమిటి? మనుషుల మీద పరిశోధన చేసేటప్పుడు వాళ్ల సమ్మతి తీసుకోవాలి. పీడీఎఫ్‌లో మొదటి పేజీ. రైలెళ్లిపోయింది.

మార్చి 1

రోజంతా సిగ్గు. అంతకన్నా రాయడానికేం లేదు.

మార్చి 5

తరగతిలో క్షమాపణ అడిగాను. నిలబడి, అందరినీ, తర్వాత దిల్షాద్‌ను పేరు పెట్టి. ఐదు మార్కులు ఆడినా ఆడకపోయినా అందరికీ వేసేశాను, ఇక వాటి మాట లేదు. నా కాంట్రాక్టు పొడిగించడం లేదని కూడా చెప్పాను, ఈసారి ఎవరూ చేయగలిగింది ఏమీ లేదని కలిపి చెప్పాను. వచ్చే బుధవారం క్లాసులయ్యాక గ్లాసులు పెట్టుకుని కూర్చుంటాను, హాజరు వేయను. అంకెలు రాసి ఆ పెద్దావిడకు పంపాలని ఉంది, వద్దంటే పంపను అన్నాను.

జంగమ్మ సొట్టలు చూసింది. నాలుగు తిట్టి, ఛాయ్ ఇచ్చింది.

మార్చి 11

ఇరవై ముగ్గురు వచ్చారు! కాలేజీ బస్సులు వదులుకుని మరీ! పాచికల మీది నెయిల్ పాలిష్ నిన్ననే తుడిచేశాను, ఆర్లు మళ్లీ ఆర్లే. మొదట ఐదుగురే ఉన్నారు, గ్లాసుల చప్పుడు విని ఒక్కొక్కరూ చేరారు. దిల్షాద్ వస్తుందనుకోలేదు. వచ్చింది, తలుపు దగ్గరే కూర్చుంది.

“అంకెలు పంపుకోండ్రి మేడమ్,” అంది. “గని మార్కుల్లేవు గద?”

“లేవు.”

“మీ కొలువు గూడ దీని మీద లేదు గద?”

“లేదు.”

“అయితే నిజంగ ఆడుత.”

గ్లాసు ఆడించింది. ఈసారి అందరూ ఎత్తి చూస్తున్నారు, చెయ్యి అడ్డం పెట్టుకుని, దొంగచూపులు చూసుకుంటూ! మొదటి ఆటలో ఇరవై మూడు చీటీల్లో ఆర్లు పదకొండు. మోసం! అచ్చమైన మోసం! నేను ఎగిరి గంతేశాను. దిల్షాద్ లేచి, “నాకు మూడు పడ్డది, ఆరు రాసిన,” అని ఒప్పేసుకుంది. “మా జట్టు ఎనకబడ్డది, నాకు గెలవాలె.” ఇక చూడాలి గోల! పర్వేజ్ తనకు పడింది ఒకటే అయినా ఒకటే రాశానని, తన జట్టు ఎందుకు ఓడాలని టేబుల్ గుద్దాడు. గోడ కార్డు వచ్చింది. సందీప్ ఆ బడి ఏ ఊళ్లో ఉందో, పిల్లలెందరో నన్నే అడిగాడు. జవాబులు నా దగ్గర లేవు. వాళ్లే కల్పించుకుని వాళ్లే కొట్లాడుకున్నారు. ఇఫ్తారుకు ఇంకా సమయముంది, ఎవరూ కదల్లేదు.

చివరి ఆట. దిల్షాద్ గ్లాసు ఎత్తి చూసి, ఊపిరి బిగబట్టి, మళ్లీ మూసింది. మొహమంతా వెలిగిపోయింది.

“ఆరు! ఈసారి నిజంగ ఆరు!”

అందరూ నవ్వారు. పర్వేజ్ ఈల వేశాడు.

“నిజంగనే! రోజాల ఉన్న, అబద్ధమెందుకు చెప్త?”

“ఇందాక మూడుకు ఆరు రాసినప్పుడు గూడ రోజాలనే ఉన్నవ్ గద,” అన్నాడు సందీప్.

నవ్వు ఆగిపోయింది. సందీప్ కూడా అన్నాక తల దించుకున్నాడు. దిల్షాద్ ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. “మీరన్నా నమ్ముండ్రి మేడమ్,” అంది.

నమ్మాలని ఎంతగా అనిపించిందో! గ్లాసు ఎత్తితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. కానీ ఎత్తకూడదన్నది ఆట. ప్రయోగశాలలో ఒంటరిగా చూసినదాన్ని ఎవరూ వచ్చి గ్లాసెత్తి చూడరు. “నాకు తెలియదు దిల్షాద్,” అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చీటీ ముందు పెట్టుకుంది. గ్లాసును గలగలమని ఆడించి పాచికను కలిపేసింది, ఇక ఎవరు ఎత్తినా తెలియకుండా. తర్వాత ఆరు రాసింది. పేరు రాయవద్దన్నది నా నియమం. ఆరు కింద పూర్తి పేరు, రోల్ నంబరు రాసి, మడవకుండా నా చేతిలో పెట్టింది.